చిటపటలు ఏరే కోడలు

మేడమీది కోడలు పొద్దస్తమానం పాటలు వింటూ కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందని వీధంతా చెప్పుకుంటోంది. శుద్ధ అబద్ధం! చెప్పేవాళ్లలో ఒక్కరైనా ఆ మెట్లెక్కి చూశారా? పనికి కూర్చుందంటే ఆమె ముఖం మీద ఈగ వాలినా కదలదు. జనం తెచ్చిచ్చే పాత గ్రామఫోన్ రికార్డును తడిగుడ్డతో గుండ్రంగా తుడిచి, ఊపిరి బిగబట్టి దానిమీద ముల్లు వాలుస్తుంది. పాట కంప్యూటర్లోకి ఎక్కాక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అందులోని చిటపటలను తలలో పేలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరేస్తుంది. అత్తగారి కంటికి అది పనే కాదు. "చేతులు ఖాళీయేగా" అంటూ ఒళ్లో చిక్కుడుకాయల గిన్నె పెట్టి పోతుంది.

మొన్న రికార్డు తిరుగుతుండగా మరిది వచ్చి బల్లను బర్రున లాగాడు. ముల్లు ఎగిరిపడి, ఒక పెద్దాయన ప్రాణంలా దాచుకున్న రికార్డు మీద అడ్డంగా గీత పడింది. లాగినవాడు మెల్లగా జారుకున్నాడు. పైగా అత్తగారు, "పాటల మత్తులో దీనికి ఒళ్లు తెలియదండీ" అని రికార్డు కోసం వచ్చిన ఆ పెద్దాయన ముందే కోడలిని దులిపేసింది. ఎంత అన్యాయం! కోడలు గీత వల్ల పడ్డ ప్రతి చప్పుడునూ తుడిచి, ఎక్కడా అతుకు తెలియకుండా పాట అప్పగించింది. పెద్దాయన విని కళ్లొత్తుకున్నాడు. ఇంట్లో ఒక్కరూ బాగుందన్న పాపాన పోలేదు.

ఉండబట్టలేక పక్కింటి పిన్ని ముఖానే అడిగేసింది: "ఏమే, అన్నిసార్లు విన్నావుగా, ఆ పాట ఎలా ఉందే?"

"పాటెవరు విన్నారు పిన్నీ? నేను విన్నదంతా చప్పుడే. వీళ్లంతా ఒక్క పూట ఎటైనా పోతే, తలుపేసుకుని పాట కూడా వింటా."