రాణిని చంపుతారా?

అనంతపురం ఆసుపత్రిలో డయాలసిస్ జరిగినంతసేపూ నేను ఒక ఇంగ్లీషు చారిత్రక నవల చదువుకునేవాణ్ణి. పక్క మంచంలో కదిరి వైపు నుంచి వచ్చే కూలిమనిషి ఒకామె ఉండేది. ఆమె అడిగితే ఆ కథ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. కట్టుకున్న రాజే మరణశిక్ష వేయించిన రాణి కథ అది.

"ఆయమ్మను చంపుతారా అన్నా?" అని ఒకరోజు అడిగింది.

"లేదమ్మా, వదిలేస్తారు," అన్నాను.

"అబద్ధం చెప్పొద్దు. డాక్టరు గూడా నాకు ఇట్లే చెప్తాండాడు."

నిజం చెప్పాను. కత్తి పడేముందు రాణి ఏడవలేదని కూడా చెప్పాను.

"ఏడ్చినా ఎవరింటారన్నా," అని ఆమె కళ్లు మూసుకుంది.

తర్వాతి వారం ఆ మంచంలో వేరొకరున్నారు. ఆమె పోయిందని నర్సు చెప్పింది. గొట్టాల్లో తిరుగుతున్న నా రక్తాన్ని చూస్తూ పడుకున్నాను.