మా ట్రావెల్స్ పేజీ తెరుచుకునేలోపు

ఎవరైనా నెట్టు స్లోగా ఉందని విసుక్కుంటే నాకు ఇప్పటికీ నడుం లాగుతుంది. నవ్వకండి, నిజం. మా ట్రావెల్స్ వెబ్‌సైటు ముందు నేను కూర్చున్న కూర్చోవడం అలాంటిది.

తిరుపతిలో సందుకో నెట్ సెంటర్ వెలుస్తున్న రోజులవి. మా అత్తగారి వాళ్లది పలమనేరు దగ్గర పల్లె. సేద్యం తమ్ముడికి వదిలేసి మా మామ తిరుపతికి వచ్చి బాడుగ కార్లు పెట్టారు. యాత్రికులను కొండకీ, కాణిపాకానికీ, కాళహస్తికీ తిప్పడం పని. కొడుకులందరూ అందులోనే. ఇంటిల్లిపాదికీ, డ్రైవర్లకీ ఒకే పొయ్యి. నేను చిన్న కోడలిని. తెల్లారకముందే లేచి సంగటి గెలకడం మొదలుపెడితే, మధ్యాహ్నం అంట్లు బోర్లించేదాకా నడుం వాల్చే వీలుండేది కాదు.

పెళ్లికి ముందు నేను ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఆ చదువు వంటింట్లో మసిబారిపోతోందని ఏడ్చి, పోరి, చివరికి నడవలో ఒక బల్ల, దాని మీద ఒక కంప్యూటర్ సంపాదించుకున్నాను. ట్రావెల్స్‌కి పేజీ చేస్తాను, బయటి ఊళ్ల నుంచి బేరాలు తెస్తాను అన్నాను. మామ సరేనన్నారు కానీ ఒక మాట తేల్చి చెప్పారు.

"ఈ ఎండాకాలం సెలవులు అయ్యేదాకా సూస్తామమ్మా. నెట్టులో బేరాలు వస్తే సరే. రాకపోతే ఆ పెట్టెను ఎవురికన్నా ఇచ్చేసి, నువ్వు ఇంటిపని సూసుకో."

ఆ బల్ల దగ్గర కూర్చున్న కాసేపే నేను మనిషిలా ఉండేదాన్ని. అది పోతే నాకు మిగిలేది వంటిల్లే.

పేజీ చేయడం మొదలుపెట్టిన రోజే నా ఖర్మ కాలింది. ఇంట్లో అందరూ దాన్ని పెళ్లికార్డు అనుకున్నారు. పైన దేవుడి పటం ఉండాలన్నారు మామ. ఆయన చెప్పకపోయినా పెట్టేదాన్నే. దేవుడికి అటూ ఇటూ రెండు దీపాలు, అవి మిణుకుమిణుకుమంటూ వెలగాలి. కింద పోయిన తాతగారు, దండతో. ఆయన కింద మామ, చిన్నమామ. ఆ తర్వాత కొడుకులు వయసు వరసలో. అంతటితో అయిందా?

"అల్లుళ్ల ఫొటోలు ఏసినావా లేదా?" అంది అత్త. "పెద్దల్లుడు అలిగినాడంటే ఇంగ మన గడప తొక్కడు."

వాళ్లనీ వేశాను. వాళ్లందరి కింద, ఆయుధపూజ నాడు చామంతి దండలు కట్టి వరసగా నిలబెట్టిన కార్లు. రేట్లూ ఫోన్ నంబరూ అన్నిటికన్నా అడుగున, పెళ్లికార్డు మీద ప్రెస్సు పేరు మాదిరి. ఆడవాళ్ల ఫొటోలు వేయమని ఎవరూ అడగలేదు. అదొక్కటే నాకు కలిసొచ్చింది.

ఫొటోలన్నీ స్టూడియోలో పెద్ద సైజులో స్కాన్ చేయించారు. పేజీ తేలికవ్వాలంటే వాటిని తగ్గించాలి, తగ్గిస్తే మొహాలు కాస్త మసకబారతాయి. ఒకసారి అలా చేసి చూపిస్తే మా తోడికోడలు స్క్రీను దగ్గరికి వంగి, "ఏమ్మే, మా ఆయనకు అమ్మోరు పోసినట్ల చేసి పెట్టినావే!" అంది. అందరూ పడీపడీ నవ్వారు. మా బావ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే పాత ఫొటో మళ్లీ పెట్టేశాను.

ఇంట్లో తెరిస్తే పేజీ టక్కున వచ్చేది. రాకేం చేస్తుంది, ఫొటోలు ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా! బయటివాళ్లకు అవన్నీ టెలిఫోన్ తీగ వెంట ఒక్కొక్కటీ దిగాలి. నెట్ సెంటర్‌కి వెళ్లి నేనే చూసుకుని తల పట్టుకున్నాను. ఇంటికొచ్చి చెబితే ఒక్కరికైనా చీమ కుట్టినట్టు లేదు.

"మనింట్లో బాగానే వస్తాండాది గదమ్మా," అన్నారు మామ. "వాళ్ల మిషన్లు పాతవేమో."

"మన పేజీ మనం చూసుకోవడానికా మామా?" అన్నాను, గొంతు కాస్త లేచింది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

సెలవులు వచ్చేశాయి. బస్టాండు ముందు కాలు పెట్టే సందు లేదు. నా ఫోను మాత్రం మోగదు. పక్క వీధిలో ఇంకో ట్రావెల్స్ వాళ్ల కార్లు బెంగళూరు జనంతో నిండి పోతూ వస్తూ ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఒకరోజు వంట కాగానే చెయ్యి తుడుచుకుని మామ ముందు నిలబడ్డాను.

"ఒక్కసారి నాతో నెట్ సెంటర్ దాకా రాండి మామా. మీ కళ్లతో సూడండి. ఆ తర్వాత పెట్టెను మీరేం చేసినా నేను నోరెత్తను."

ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, నామం దిద్దుకుని మరీ బయల్దేరారు. బయటి ఊళ్లవాళ్లు తనను చూసే చోటుకి వెళ్తున్నానని కాబోలు.

నెట్ సెంటర్‌లో ఒక బెంగళూరు ఆయన కాణిపాకానికి కారు కావాలని వాకబు చేస్తున్నాడు. నేను మా ట్రావెల్స్ కార్డు ఇచ్చి, ఈ వెబ్ అడ్రసులో చూడండి సార్ అన్నాను. మామను ఆయన కుర్చీ వెనకాల నిలబెట్టాను.

ముందు దేవుడి కిరీటం దిగింది. బెంగళూరు ఆయన చెంపలు వేసుకున్నాడు. దేవుడి పాదాలు వచ్చేదాకా భక్తిగానే ఆగాడు. దీపాలు వచ్చాయి. దండా, దండలో తాతగారూ వచ్చారు. బెంగళూరు ఆయన బల్ల మీద వేళ్లతో తాళం వేయడం మొదలుపెట్టాడు. "ఇది కార్లదే గదా?" అని నన్నడిగాడు. అవునన్నాను. అప్పుడు మా మామ వచ్చారు, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా. నెరిసిన జుట్టు, నామం, కనుబొమలు, కళ్లు. ముక్కు సగం దాకా వచ్చింది. బెంగళూరు ఆయన విసుగ్గా పేజీ మూసేసి ఇంకొకటి తెరిచాడు. అందులో పటం లేదు, పువ్వు లేదు, పెద్ద అక్షరాలతో ఊరి పేర్లూ, రేట్లూ, ఒక ఫోన్ నంబరూ ఉన్నాయి. జేబులోంచి సెల్‌ఫోన్ తీసి అక్కడికక్కడే మాట్లాడుకున్నాడు. లేచి వెళ్తూ మామకు తగిలి, సారీ అన్నాడు. ఆ మొహం ఇందాక చూసినదేనని అతనికి తెలియనే లేదు.

మామ పంచె సర్దుకుంటూ గుమ్మం దాటారు.

"నా మూతి గూడా రాకనే పోయినాడే!" అన్నారు రోడ్డు మీదికి వచ్చాక. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది.

ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి, ఫొటోలన్నీ తీసేయమన్నారు, ముందు తనది. దేవుడిది చిన్న పటం ఉంచమన్నారు. పెద్దల్లుడు అలగనే అలిగాడు. చిన్నమామ పలమనేరు నుంచి ఫోన్ చేసి, "నేనేం తప్పు చేసినాను అబ్బా?" అని అన్నను నిలదీశాడు. మామ ఎవరికీ లొంగలేదు.

నేను రేట్లూ ఫోన్ నంబరూ పైకి తెచ్చాను. ఫోను మోగింది. మోగుతూనే ఉంది. బెంగళూరు, మద్రాసు, ఎక్కడెక్కడివాళ్లో. చెవికి ఫోను, చేతిలో పెన్ను, అవతల పొయ్యి మీద పప్పు. కార్లు ఇంటి ముందు నిలిచేవి కావు. నేను ఎగిరి గంతేయాల్సింది. కళ్లు మూతలు పడేవి, అంతే. అయినా బల్ల నాదే కదా, ఇక ఎవరూ దీని జోలికి రారు కదా అనుకునేదాన్ని.

సెలవులు ముగిసే ముందు ఒకరోజు భోజనాల దగ్గర మా బావ అన్నాడు, "కంప్యూటర్ని బస్టాండు ఆఫీసుకు మార్సల్ల నాయనా. ఈ మాదిరి బేరాలు వస్తా ఉంటే ఎవురన్నా మొగోళ్లు కూచోవాల. నేను కూచుంటా."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మజ్జిగ కలుపుకుంటున్నాడు.

మామ చెయ్యి కడుక్కుని వచ్చి నా తల మీద చెయ్యి వేశారు. ప్రేమగానే వేశారు, అబద్ధం చెప్పను.

"సానా కష్టపడినావమ్మా. నీ మాట నిజమని మాకందరికీ సూపించినావు. బాగా అలిసిపోయినావు, ఇంగ ఇంటిపట్టున ఉండు."

ఆయనన్నది నిజమే. ఒంట్లో శక్తి లేదు, మాట నాలుక మీదికి రావడానికి కూడా సమయం పట్టింది. అది నా బల్ల మామా, నేను లేవను అని చెప్పడానికి నోరు తెరిచేసరికి, విస్తర్ల ముందు ఎవరూ లేరు.