పకోడీ మడ్డీ, పదో రోజు కాకీ

నా తెలివి వల్ల మా ఇంటికి జరిగిన నష్టాలు చాలానే ఉన్నాయి గానీ, చచ్చిపోయిన మనిషికి కూడా అన్నం ముట్టకుండా చేసిన ఘనత మాత్రం ఒక్కసారే దక్కింది. ఆ భాగోతం చెబుతాను, నవ్వుకోండి. మా నాన్న ఆ రోజు నవ్వలేదు గనక ఆయన వాటా కూడా మీరే నవ్వాలి.

యాభైల్లో మాట. చోడవరం పక్కన మా చెరకు తోట. బావి మీద ఆయిల్ ఇంజను కొత్తగా పెట్టాం. అది నీళ్ళు ఎంత తోడేదో నూనె అంత తాగేది. పొద్దున్నే నూనె పోస్తూ నాన్న, "ఇది ఇంజనా, కొత్తల్లుడా? ఎంత పోసినా సాలదు!" అని గొణిగేవాడు. ఒకరోజు తేల్చేశాడు.

"ఒరే సత్తిబాబూ, సదువుకున్నావు గదా, దీని తిండి తగ్గించే ఉపాయం సూడు. నెల్లో తగ్గకపోతే అమ్మి పారేస్తాను. మళ్ళీ ఏతం తొక్కుదువు గాని."

ఎస్సెస్సెల్సీ పాసై, కాలు నేల మీద ఆనకుండా తిరుగుతున్న రోజులవి. సైన్సులో నా మార్కులు చూసి నాకే భయం వేసేది. అలాంటి కాలితో ఏతం తొక్కడమా! తిన్నగా చోడవరం వెళ్ళి బస్సులు ఆగే చోట మిఠాయి కొట్టు కొండబాబుని పట్టుకున్నాను.

"మాడిన నూనె ఏటి సేస్తావు?"

"కాలవలో పారబోస్తాను. నీకేటికి?"

"మా ఇంజనుకి."

"ఇంజనుకి పకోడీలు ఏయించి పెడతావేటి బాబూ?"

"నవ్వకు. మండేదానికి నలుపైతే ఏటి, తెలుపైతే ఏటి?"

"పట్టుకుపో నాయనా, మా కాలవ బాగుపడతాది," అంటూ నాలుగు డబ్బాలు బండెక్కించాడు.

సరిగ్గా ఆ మర్నాడే మా పెదనాన్న పోయాడు. నాన్నకి సొంత అన్న. పంపకాల్లో బావి మా వాటాకి వచ్చిందని పదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆయనకి కొడుకులు లేరు, కర్మంతా నాన్నే చెయ్యాలి. ఇల్లంతా మైలలో, పెద్దమ్మ ఏడుపులో మునిగి ఉంటే నన్ను అడిగే నాథుడు లేడు. శాస్త్రజ్ఞుడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

ఏటిగట్టున మా బెల్లం పాక. గానుగలు ఆగిపోయిన కాలం గనక ఖాళీగా ఉంది. కిరసనాయిలు కొట్టులో అడిగి తెచ్చిన చేతిపంపుతో డబ్బాల్లోని నూనె బెల్లం వండే పెనంలోకి తోడబోయాను. నాలుగు తోడులకే పంపు గొంతు పట్టేసింది. "ఏటే నీ బాధ?" అని గొట్టంలోకి చూస్తూ పిడి నొక్కాను. మీరెప్పుడూ ఆ పని చెయ్యకండి. ముందు గుప్పెడు బూందీ వచ్చింది, దాని వెనకే శేరు నూనె వచ్చింది. మైలలో తలకి నూనె రాయకూడదంటారు. నాకు గడ్డం దాకా పట్టింది.

తోడే ముందు వడకట్టాలని అప్పుడు తెలిసింది. నాన్న పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టాను. నీరు ఎగిరిపోయేదాకా సన్నసెగ మీద కాచి, పీపాలోకి తోడాను. పంచెలో మిగిలిన పకోడీ పొడి, జంతిక ముక్కలు, మాడిన బూందీ రోజూ పాక వెనక గుమ్మరించేవాణ్ణి. మొదటి రోజు రెండు కాకులొచ్చాయి. తొమ్మిదో రోజుకి చోడవరం నుంచి వడ్డాది దాకా ఉన్న కాకులన్నీ మా పాక చూరు మీదే కాపురం పెట్టాయి. "పాపం, తిననీ" అనుకున్నాను. ఆ సాయంత్రం సగానికి సగం మామూలు ఆయిలు కలిపి పోస్తే ఇంజను డుబుడుబుమంటూ నడిచింది కూడాను! తోటంతా పకోడీల వాసన. ఇంక ఏతం పీడ వదిలిందని ఎగిరి గంతేశాను.

పదో రోజు ఏటిగట్టున నాన్న పిండం పెట్టి "కా, కా" అని పిలిచాడు. కాకి రాలేదు. గంట గడిచింది. ఆకాశంలో ఒక్క నల్ల చుక్క లేదు.

"ఏదో కోరిక మిగిలిపోయింది," అన్నారు పంతులుగారు. "తమ్ముడివి, మాటియ్యి."

నాన్న చేతులు జోడించాడు. "అన్నా, పదేళ్ళు పలకరించలేదు. తప్పు నాదే. వొదినని తల్లిలా సూసుకుంటాను, రా."

రాలేదు. పెద్దమ్మ ఏడుపు మధ్యలో, "అది కాదు బాబూ. మడికి నీరు, నీరు అంటానే పోయేడు," అంది.

నాన్న బేరానికి దిగాడు. "వారానికి రెండు రోజులు బావి నీళ్ళు మీకే." రాలేదు. "మూడు రోజులు." ఊహూ. "పోనీ, బావిలో సగం నీదే అన్నా!"

అప్పుడు గాలి తిరిగింది. పాక వెనక నుంచి కాకిగోల వినిపించింది. చెబితే మైలలో పకోడీ నూనె కాచానని నన్ను ఏట్లో ముంచేస్తారు. చెప్పకపోతే నాన్న మొలతాడు కూడా ఇచ్చేసేలా ఉన్నాడు. మెల్లగా జారుకుని, పాక వెనక్కి పరిగెత్తి, గుప్పెడు పకోడీ మడ్డి తీసుకుని వెనక్కి లగెత్తాను. కాకులన్నీ నా నెత్తి మీదే.

నేను చేరేసరికి నాన్న కళ్ళు మూసుకుని ఆఖరి మాట అనేస్తున్నాడు. "ఇంజను కూడా ఏస్తానన్నా! వొదిన మడికి తిరిగినంత కాలం నూనె ఖర్చు నాది!"

నా చేతిలోని పకోడీ ముక్క పిండం మీద పడింది. దాని మీద కాకి వాలింది.

"ముట్టింది! ముట్టింది!" అని గట్టంతా ఒకటే కేక. పంతులుగారు తల పంకించారు. "చూశారా? అసలు కోరిక నూనె దగ్గర ఉంది!"

నాన్న వదిన కాళ్ళ మీద పడి పసివాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కారణం వేరు. పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, ముక్కు ఎగబీల్చింది. "ఏటిరా, అచ్చం మీ పెదనాన్న సంత నుంచొచ్చినట్టు వాసనొస్తన్నావు!"

ఆ తర్వాత రెండు వారాలకే ఆ జిడ్డుకి ఇంజను గొంతు కూడా పట్టేసింది. బాగు చేయించి, మంచి నూనె పోసి, మా తోటకే కాక పెద్దమ్మ మడికి కూడా తోడాం. "అన్నకి మాటిచ్చేను, అమ్మలేను. ఇంకో ఉపాయం సూడరా," అన్నాడు నాన్న. నేను ఆ జిడ్డు పంచె పట్టుకుని ఏటికి పోయాను.

అందుకే ఆ ఏటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నూనె వడకట్టనేల, కాకి కాళ్ళు పట్టనేల! ఈ జన్మలో మళ్ళీ ఆ పంచె ముట్టను. నా పిల్లలకీ ఒక్కటే చెప్పాను. రేపు నా పిండానికి కాకి రాకపోతే, కంగారుపడి ఎవరికీ ఏ మాటా ఇచ్చేయకండి. ముందు పాక వెనక్కి వెళ్ళి చూడండి.