కడప స్టేషనుకు బొగ్గు టాక్సీలో

రాయచోటి నుంచి కడప స్టేషనుకు టాక్సీలో పోయి రైలెక్కాలనుకునే వాళ్లకు ముందుగా ఒక మాట. రైలు సాయంత్రమైతే మీరు తెల్లవారుజామునే బయలుదేరాలి. తెల్లవారుజామున బయలుదేరాలంటే టాక్సీ ముందురోజే మీ వాకిట్లో ఉండాలి. ఈ రెండో సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరకడం లేదు. మా ఊరి నుంచి కడపకు తిరిగే బస్సులో జనం లోపలెంత మందో పైనా అంతమంది. అందులో మా అమ్మను ఎక్కించడం కాని పని. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి నాలుగేళ్లయింది. అడుగుల చప్పుడును బట్టి మమ్మల్ని గుర్తుపట్టేది. మద్రాసులో ఉన్న మా బావమరిది అక్కడి కంటి ఆసుపత్రిలో ఎంతో తిరిగి ఒక మంచం సంపాదించాడు. సోమవారం పగలు చేరకపోతే అది ఇంకొకరికి పోతుందని కబురు పంపాడు. కాబట్టి ఆదివారం సాయంత్రం కడపలో మద్రాసు మెయిలు పట్టుకోవాలి. నా బట్టల దుకాణానికి తాళం వేసి, ఓబులేసు అనే ఆయన టాక్సీని మా ఇద్దరికే అని ఒప్పందం చేసుకున్నాను.

పొద్దు పొడిచేసరికి వస్తానన్నవాడు పది దాటాక వచ్చాడు.

"ఏందప్పా ఇంతసేపు?" అన్నాను.

"బొగ్గులు తడిసినాయి సాయిబూ. ఎండబెట్టుకోని వచ్చాండా."

ముందు సీట్లో అప్పటికే ఒక మనిషి ఒళ్లో కోళ్ల బుట్టతో కూర్చొని ఉన్నాడు. పేరు ఏసుదాసు. పక్కపల్లె రైతు, క్రైస్తవుడు. కడపలో కూతురు ప్రసవిస్తే చూడబోతున్నాడు. బండి మా ఇద్దరికే కదా అని నేను గట్టిగా అడిగాను.

"మనిషి మంచోడు సాయిబూ, బరువు గూడా లేడు," అన్నాడు ఓబులేసు.

బొగ్గు టాక్సీ ఎక్కని వాళ్లకు దాని సంగతి చెప్పాలి. వెనక ఒక పెద్ద డ్రమ్ము ఉంటుంది. అందులో బొగ్గులు రాజేసి, పక్కనున్న పిడి పట్టుకొని గిరగిరా తిప్పితే గాలి పోయి నిప్పు రగులుతుంది. ఆ పొగతోనే ఇంజను నడుస్తుంది. నడుస్తుందని యజమానులు అంటారు. ఊరు దాటి మొదటి మిట్ట రాగానే మాది ఆగిపోయింది. ఓబులేసు దిగి, డ్రమ్ము మూత ఎత్తి చూసి, బీడీ ముట్టించుకొని, పిడి నా చేతికిచ్చాడు.

"రవ్వంత తిప్పు సాయిబూ. నాకు భుజం నొప్పిగా ఉండాది."

మద్రాసు ప్రయాణమని చలువ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను. పిడి తిప్పాను. బొగ్గుమసి మోచేతుల దాకా అంటింది. ఏసుదాసు బుట్టను అమ్మ ఒళ్లో పెట్టి వెనకనుంచి తోశాడు. బండి కదిలింది. కాసేపటికి ఇంకో మిట్ట వచ్చింది. మళ్లీ నేను, మళ్లీ పిడి. ఇలా ఎన్నిసార్లో చెప్పను, చెప్పినా నమ్మరు.

లోపల అమ్మ కోళ్లను బుజ్జగిస్తూ కూర్చుంది. "యాడికొచ్చినాం నాయనా?" అని అడుగుతుంది.

"ఇదో, వచ్చేసినాం అవ్వా," అంటాడు ఓబులేసు.

"యాడికీ రాలేదు మా," అంటాను నేను.

గువ్వలచెరువు దగ్గర టైరు పగిలింది. కొత్త టైర్లు కళ్లజూసే కాలం కాదు. అతుకు వేయడానికి రబ్బరు ముక్క తెస్తానని ఓబులేసు ఊళ్లోకి పోయాడు. ఎండ నడినెత్తి దాటింది. కారు రేకు ముట్టుకుంటే కాలుతోంది. అమ్మను చిల్లచెట్ల కింద కూర్చోబెట్టి, మూట విప్పి రొట్టెలూ ఊరగాయా ఏసుదాసుకూ పెట్టాను. ఎంతకూ మనిషి రాకపోతే వెతుక్కుంటూ పోయాను. ఎవరింటి అరుగు మీదో కూర్చుని సంగటి తింటున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అమ్మకు కండ్లు రావల్ల, రైలు పోతే ఎవురిని అడగల్లప్పా?" అని అరిచాను.

"ఆకలైతే స్టీరింగు నిలవదు సాయిబూ. కనుమ దిగల్ల గదా," అని నింపాదిగా చేయి కడుక్కున్నాడు.

టైరుకు అతుకు వేసి బయలుదేరాక, కనుమ దిగేటప్పుడు ఇంకో వింత చేశాడు. బొగ్గులు మిగులుతాయని ఇంజను ఆపేసి బండిని పల్లానికి వదిలేశాడు. ప్రతి మలుపులోనూ ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఏసుదాసు కళ్లు మూసుకొని పైకే ప్రార్థన మొదలుపెట్టాడు. అమ్మ బిస్మిల్లా అంటూ నా మోచెయ్యి పట్టుకుంది. నేను మాత్రం రైలు కూత వినబడుతుందేమో అని చెవులు రిక్కించాను.

పొద్దు వాలుతుండగా కడప స్టేషను ముందు ఆగాం. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని, అమ్మను దాదాపు ఎత్తుకొని ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తాను. టిక్కెట్లిచ్చే గుమాస్తా నా మసి మొహం చూసి, "మెయిలా? ఇంకా గుంతకల్లే దాటలేదు," అన్నాడు.

పెట్టె మీద కూలబడ్డాను. అంత పరుగూ, అంత తిట్టూ దేనికో అర్థం కాలేదు. అమ్మ పక్కన కూర్చొని, "ఓబులేసు చెప్పినట్లే అందుకుంటిమి గదరా," అంది.

మరునాడు మంచం పోకముందే చేరాం. మద్రాసు సంగతులు వేరే రాయవచ్చు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఒక కంటికి ఆపరేషను చేసి, కట్టు విప్పి, చాలా రోజుల తర్వాత దళసరి కళ్లద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకొని అమ్మ నన్ను తేరిపార చూసింది. "నువ్వేనా ఖాదరూ? అచ్చం మీ నాయన మాదిరి అయిపోయినావే," అంది.

తిరుగు ప్రయాణంలో పొద్దున్నే కడపలో దిగాం. కొత్తగా వచ్చేవాళ్లు ఈ స్టేషను బయట జాగ్రత్తగా ఉండాలి. గేటు దాటామో లేదో జట్కావాళ్లూ టాక్సీవాళ్లూ మీద పడ్డారు. ఒకడు పెట్టె లాక్కున్నాడు. ఇంకొకడు పరుపుచుట్టను ఎటో ఎత్తుకుపోయాడు. పరుపుచుట్ట వెనక పరుగెత్తి దాన్ని పట్టుకొని తిరిగి చూస్తే అమ్మ లేదు.

"అమ్మా!" అని గుంపులో పడి వెతికాను. ఆవరణ నడిమధ్యలో నిలబడి ఉంది. మా పెట్టెను చెరో పక్క పట్టుకొని ఇద్దరు డ్రైవర్లు తిట్టుకుంటుంటే అద్దాలు సర్దుకుంటూ చూస్తోంది.

"ఎంత బాగ కొట్లాడతాండారో చూడరా," అంది సంబరంగా.

ఆ ఇద్దరిలో ఒకడి గొంతు విని, "ఓబులేసూ!" అని పిలిచింది. అతడు పెట్టె వదలకుండానే తిరిగి చూశాడు. "ఏమప్పా, ఇంత సన్నగా ఉండావే! గొంతు విని శానా లావుంటావనుకొంటి," అంది.

ఓబులేసు సిగ్గుపడ్డాడు. అతణ్ని సిగ్గుపడగా చూడటం నాకు అదే మొదలు. అతని బండి మళ్లీ ఎక్కనని మద్రాసులో ప్రతిరోజూ అనుకున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే అమ్మ ఎక్కి కూర్చుంది.

ఈసారి బండిలో మనుషులు లేరు, చెనక్కాయల మూటలు ఉన్నాయి. సీటు కింద, సీటు మీద, నా కాళ్ల మధ్య. "మూటలు మాట్లాడవు గదా సాయిబూ," అన్నాడు. పోయేటప్పుడు దిగిన కనుమను ఇప్పుడు ఎక్కాలి. సగం ఎక్కాక బండి మూలిగి ఆగిపోయింది. అమ్మను దింపి మెల్లగా ముందు నడవమన్నాను. నేను పిడి తిప్పి, వెనకనుంచి తోశాను. చెమట కళ్లలోకి కారింది. నాలుగు బారలు పోయి ఆగడం, మళ్లీ పోయి ఆగడం. చివరికి నిప్పు బాగా అంటుకొని ఇంజను గుర్రుమని అందుకుంది.

"బిర్న రండి! ఇప్పుడు పోతే పైదాకా పోతాది!" అని ఓబులేసు కేక వేశాడు.

అమ్మ మలుపులో పిట్టగోడ మీద కూర్చొని ఉంది. లేవలేదు.

"లే మా, బండి ఆగిపోతాది!" అన్నాను, చెయ్యి పట్టుకొని.

"ఉండు నాయనా," అంది, చెయ్యి విడిపించుకొని. "పెండ్లైనప్పుడు పరదా కట్టిన బండ్లో ఈ కనుమ ఎక్కితి. మా నాయన సచ్చిపోతే పరదాలోనే దిగితి, పరదాలోనే ఎక్కితి. ఆ తర్వాత కండ్లు పోయె. ఇది ఇట్లుంటాదని నాకు ఎవురూ చెప్పలేదే."

ఆమె చూస్తున్న వైపు చూశాను. ఎర్రటి కొండలు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగుతున్నాయి. వాటి కింద కడప బయలు ఎండలో తెల్లగా పరుచుకొని ఉంది. దూరంగా ఒక రైలు పొగ నేలను అంటిపెట్టుకొని పోతోంది. ఎదుటి వాలులో మేకలు ముళ్లకంపలకు ఎగబాకుతున్నాయి. అమ్మ వేలితో ఒక్కొక్కదాన్నీ చూపి, అదేంది, ఇదేంది అని అడిగింది. సగం నాకు తెలియదు. ఈ దారిన ఎన్నోసార్లు పోయాను, ఎప్పుడూ రైలు వేళ గురించో సరుకు గురించో ఆలోచిస్తూ పోయాను.

ఓబులేసు విసుగ్గా నడిచి వచ్చాడు. "అవ్వా, నిప్పు ఆరిపోతాది."

"ఆరిపోనీలేప్పా," అంది అమ్మ, కొండల మీదినుంచి చూపు తిప్పకుండా. "ఖాదరు తిప్పుతాడు."

ఓబులేసు నావైపు చూసి, పిట్టగోడ మీద ఆమెకు కాస్త ఎడంగా కూర్చొని బీడీ తీశాడు. నేనూ కూర్చున్నాను. వెనక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

చీకటి పడకముందే ఇల్లు చేరాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. చొక్కా చాకలికి వేయడానికి కూడా పనికిరాలేదు. ఆ టాక్సీ ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. బస్సులో చోటు దొరికితే బస్సెక్కండి, ఎద్దులబండి దొరికితే అదీ మేలే. ఏదీ దొరక్క ఓబులేసు బండే ఎక్కవలసి వస్తే, అది కనుమలో ఎటూ ఆగుతుంది. ఇంట్లో ముసలివాళ్లుంటే వెంటబెట్టుకొని పోండి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. పాత చొక్కా వేసుకోండి.