ఉప్పు చూడని పులుసు

చెంచమ్మకు రొమ్ము క్యాన్సరు వచ్చిందని, నెల్లూరులో ఆపరేషను చేసి, మందులెక్కించి, కరెంటు పెట్టారని, గండం గడిచిందని మా పాళెంలో ఎవరినడిగినా చెబుతారు. అదంతా నిజమే. కానీ ఆమెకు ఇంకో జబ్బు కూడా ఉంది. దాని సంగతి గోడకు గోడ ఆనుకుని కాపురం చేస్తున్న నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. ఆ జబ్బు పేరు తోడికోడలు.

అల్లూరుకు తూర్పున రొయ్యల గుంటలు దాటి, ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది మా పాళెం. చెంచమ్మ మొగుడు రమణయ్య, మరిది సుబ్బు ఒకే పడవ మీద వేటకు పోతారు. రెండు చిన్న ఇళ్ళు, ఒకటే పెరడు, మధ్యలో ఒకటే వంటపాక. ఆ పాకలో చేపల చట్టి చెంచమ్మది. పొద్దున అల్లూరులో గంప దించి చేపలమ్ముకొచ్చేది. సాయంత్రం పులుసు పెట్టి మూత వేసేది. తెల్లారి తీస్తే మామిడికాయ ముక్క, చేప ముక్క ఒకదానికొకటి పులుపు అప్పిచ్చుకుని ఉండేవి. ఆ వాసనకు మా ఆయన నేను చేసిన కూర పక్కకు నెట్టి గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి పోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఎందుకు దాచాలి? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

సుబ్బు పెళ్ళాం రోజారమణి పులికాట్ వైపు పిల్ల. వచ్చిన కొత్తలో చేపలు తోమడం, చింతపండు పిసకడం తప్ప ఆమెకు పొయ్యి దగ్గర పని లేదు. చెంచమ్మ ఉండనిచ్చేది కాదు. జబ్బు వచ్చి ఆసుపత్రి చుట్టూ తిరిగిన రోజుల్లో మాత్రం గరిటె రోజారమణి చేతికి పోయింది. ఇంకెవరి చేతికి పోతుంది మరి?

మందులెక్కించిన తర్వాత చెంచమ్మ జుట్టంతా ఊడిపోయింది. నాలుక మీద ఏం పెట్టినా తుప్పు నాకినట్టు ఉండేదట, చేప ముక్క నోటి దాకా కూడా పోయేది కాదు. అయినా ఒకనాడు ఓపిక చేసుకుని లేచి, తోడికోడలిని పక్కకు తప్పుకోమని, తనే పులుసు పెట్టింది. రుచి తెలియక ఉప్పు రెండుసార్లు వేసింది. మగవాళ్ళిద్దరూ చెంబుల కొద్దీ నీళ్ళు తాగి, “బాగుంది” అని లేచిపోయారు. తెల్లారి రోజారమణి ఆ పులుసు పెరటి వెనక పిల్లులకు పోస్తుంటే చెంచమ్మ చూసింది. రోజారమణి నవ్వలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ మర్నాడు మాత్రం తనే పొయ్యి వెలిగించింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. మా చెంచమ్మ తోడికోడలు నవ్వనందుకు ఏడ్చింది. నవ్వి ఉంటే జుట్టు పట్టుకుని తగాదా పడేది, మనసు తేలికయ్యేది.

అప్పటినుంచి ఆమెకు రోజారమణి ఏం చేసినా కళ్ళలో నిప్పులు పోసుకోవడమే. నడుము దాటిన ఆ జడ చూస్తే మంట. గంప నెత్తిన పెట్టుకుని చేయి ఊపుకుంటూ పోతుంటే మంట. ఆపరేషనైన వైపు చేయి వాచిపోయి, బరువెత్తొద్దని డాక్టర్లు చెప్పాక చెంచమ్మ గంప కూడా ఆమే మోస్తోంది మరి. అన్నిటికంటే పెద్ద మంట పులుసు దగ్గర. రమణయ్య వేళ్ళు నాకుతూ, “ఇంకో ముక్క ఎయ్యిమ్మా” అని మరదలిని అడిగిన రోజున చెంచమ్మ నా దగ్గరికొచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

“చూసినావా ఆ పొగరు? పులుసు పెట్టేటప్పుడు ఒక్కనాడన్నా ఉప్పు చూడదు. నేను ఇన్నేళ్ళు పెట్టినా, అరచేతిలో చుక్క ఏసుకోకుండా దించింది లేదు. ఈమె మాత్రం మూత ఏసేసి పోతది. అంత ధీమా ఏందంట?”

“చెయ్యి తిరిగినట్టుందిలే” అన్నాను, నిప్పు మీద కాస్త నెయ్యి పోద్దామని.

“ఇంకోటి చూడు. అందురూ తిన్నాక ఎనక్కిపోయి, గోడ పక్క అటు తిరిగి కూర్చోని తింటది. తలకాయలు, పొట్ట ముక్కలు దాచుకునేదానికి గాకపోతే ఆ చాటెందుకు?”

అది నేనూ చూశాను. అవును, ఆ పిల్ల చాటుగానే తినేది. పళ్ళెంలో ఏముందో మాత్రం నాకూ కనపడేది కాదు.

అసలు కథ ఇక్కడుంది. ట్రీట్‌మెంటు అయిపోయాక పరీక్షలకు రమ్మంటే చెంచమ్మ మొగుడితో నెల్లూరు పోయింది. రమణయ్య బయట బల్ల మీద కునుకు తీస్తుంటే, లోపల భోజనం సంగతి చెప్పే అమ్మాయి ఈమెను కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పింది. ఒంట్లో కండ తగ్గింది, రక్తం తగ్గింది, చేపలు బాగా తినమంది. చెంచమ్మ అన్నిటికీ తలాడించింది. ఇంటికొచ్చేసరికి రోజారమణి వంజరం పులుసు పెట్టి, పెద్ద ముక్క ఏరి, అన్నంలో వేసి తెచ్చింది. నాలుకకు అప్పుడప్పుడే రుచి తిరిగొస్తోంది. ఆ వాసనకు చెంచమ్మకు నోరూరింది. నోరూరినందుకు ఇంకా మండింది.

“డాక్టరమ్మ పథ్యం చెప్పిందిలే. నీసు ముట్టంగూడదంట” అని పళ్ళెం తోసేసింది.

మా పాళెంలో పథ్యమంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. కాన్పైనా, కోతైనా, కురుపైనా, ఏదో ఒకటి వదిలెయ్యాల్సిందే అని పుట్టినప్పటినుంచీ వింటున్నాం. పైగా ఒకరు ఒకటి చెబితే పదిమంది పది కలుపుతారు. చేప వద్దంటే గుడ్డు వేడి అని ఎదురింటి ఇందిరమ్మ కలిపింది. పప్పు వాతం అని ఇంకొకామె, మునగాకు పైత్యం అని మరొకామె. నేను మాత్రం ఊరుకున్నానా, గోంగూర వద్దన్నాను. చివరికి చెంచమ్మ పళ్ళెంలో చారు, తెల్లన్నం, నాలుగు బీరకాయ ముక్కలు మిగిలాయి. మధ్యలో ఆకలేస్తే టీలో బిస్కెట్లు. చేపల పాళెంలో చేపలమ్ముకునే మనిషి, ఆపరేషను నాటినుంచి లెక్కేస్తే చేప లేకుండా ఏడాది దాటించింది. కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. రచ్చబండ దాకా పోతే కూర్చోకుండా తిరిగి రాలేకపోయేది. రమణయ్య అది చూసి జబ్బు మళ్ళీ వచ్చిందేమోనని లోపల కుమిలిపోయేవాడు. రోజారమణి మాత్రం చారులో మిరియాలు దంచివేసి, వేడిగా తెచ్చి పెట్టేది. ఆ చారు కూడా కమ్మగా ఉండేదని చెంచమ్మే నాతో అంది, తిట్టినట్టు.

ఈసారి పరీక్షల రోజుకు అన్నదమ్ములిద్దరూ పడవ ఇంజను బాగుచేయించడానికి కృష్ణపట్నం పోయారు. తోడుగా రోజారమణి బయల్దేరింది. చెంచమ్మ వద్దంది, ఒక్కదాన్నే పోతానంది. బస్సు మెట్టు ఎక్కలేక తూలి, ఆ పిల్ల చేతినే పట్టుకోవాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో జరిగింది తర్వాత రోజారమణి చెప్పింది నాకు. జబ్బు తిరగబెట్టలేదని డాక్టరు చెప్పాడట. చెంచమ్మను తూకం వేసి, చేయి కొలిచి, ఆ భోజనం సంగతి చెప్పే అమ్మాయి మొహం చిన్నది చేసుకుందట.

“చేపలు తినమని పోయినసారే చెప్పాను కదమ్మా. తినలేదా?”

చెంచమ్మ గోడ మీది బొమ్మల వైపు చూస్తూ కూర్చుంది. “పథ్యంలో ఉండాది గదమ్మా” అని రోజారమణి అంటే, ఆ అమ్మాయి ఆమె వైపు తిరిగింది.

“ఇంట్లో వంట మీరేనా? ఖరీదైన చేపలే కానక్కర్లేదు, మీ దగ్గర దొరికే చిన్న కవళ్ళు చాలు. వారంలో రెండు మూడుసార్లు పులుసు పెట్టండి, వేపుళ్ళు వద్దు. గుడ్డు, పప్పు, మునగాకు, ఏ ఆకుకూరైనా మంచిదే. తెల్లన్నం తగ్గించి రాగిసంకటి పెట్టండి. జామకాయలు తిననివ్వండి. ఎండుచేపలు, ఊరగాయలు, ఉప్పు తగ్గించాలి. బిస్కెట్లు మానెయ్యాలి. రోజూ కాస్త నడవాలి. పథ్యాలు ఎవరు చెప్పారమ్మా ఈమెకు?”

“మాకట్టా చెప్పలేదే” అని మొదలుపెట్టిన రోజారమణి చెంచమ్మ మొహం చూసి ఆగిపోయింది. ఆ తర్వాత బస్సు కోవూరు దాటింది, అల్లూరు వచ్చింది, ఆటో ఎక్కారు, ఒక్క మాట లేదు. తిడితే బాగుండునని చెంచమ్మ కాచుకుని కూర్చుంది. ఈసారి కూడా ఆ పిల్ల ఆమెకు తగాదా పెట్టుకునే వీలివ్వలేదు.

ఆటో దిగి రోజారమణి తిన్నగా ఒడ్డుకు పోయి, కొంగులో కవళ్ళు వేయించుకొచ్చింది. తోమింది, పులుసు పెట్టింది, రాగిసంకటి కెలికింది. ఊరబెట్టడానికి తెల్లారేదాకా ఆగలేదు. పొద్దు గుంకకముందే చట్టి దించి, పెరట్లో రెండు పళ్ళేలు పెట్టింది. నేను గోడ మీది నుంచి చూస్తూనే ఉన్నాను. సిగ్గేమీ లేదు, అక్కడినుంచి కదలడం నా వల్ల కాలేదు.

“తిను అక్కా.”

“నాకు ఆకలి లేదు.”

“నాకుండాది. నువ్వు తింటేనే నేను తినేది.” రోజారమణి పళ్ళెం ఆమె దగ్గరికి జరిపింది. “నిన్ను ఆపరేషన్‌కి తీసకపోయిన రోజు గంగమ్మకు మొక్కుకున్నా. అక్క ఇంటికొచ్చి మళ్ళీ చేప తినేదాకా నేను నోట పెట్టనని. నాలుగు నెల్లో ఐదు నెల్లో అనుకున్నా. నువ్వేమో డాక్టరమ్మ వొద్దందంటివి. ఇన్నాళ్ళూ మజ్జిగన్నం తిన్నా. నువ్వు చూస్తే బాధపడతావని ఎనక్కిపోయి తిన్నా. ఉప్పు చూసినా మొక్కు తప్పినట్టేనని గుడ్డిగా ఏసి దించినా. ఇప్పుడు చెప్పు. నా చేతి ముద్ద అంత చేదా అక్కా?”

పొగరనుకున్నది మొక్కు. చాటుగా దాచుకున్న పొట్ట ముక్కలు మజ్జిగన్నం. వేరే మనిషైతే ఆ పిల్లను కావలించుకునేది. మా చెంచమ్మకు ముందొచ్చిన ఆలోచన ఏమిటో తర్వాత తనే చెప్పింది: చూడు, మొక్కులోనూ ఇది నన్ను మించిపోయింది, అనుకుందట.

అయినా చేయి పళ్ళెంలోకి పోయింది. సంకటి తుంచి, పులుసులో ముంచి, చేప ముక్క ముల్లు తీసి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. రోజారమణి తన పళ్ళెం ముట్టకుండా చూస్తోంది.

“ఉప్పు చాల్లేదు” అంది చెంచమ్మ.

రోజారమణి చట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఏడాది పైన ఆమె నాలుకకు తగిలిన మొదటి పులుసు చుక్క అదే.

“అవునక్కా. చప్పగా ఉండాది. ఇట్టాంటివి పెట్టినా ఇన్నాళ్ళూ? మరి బావ బాగుందని రెండోసారి ఏయించుకున్నాడే?”

“వాళ్ళ ‘బాగుంది’ సంగతి నాకు తెలీదా?” చెంచమ్మ పెదవి చివర నవ్వు లాంటిదేదో కదిలింది. “ఒకనాడు నా ఉప్పు కసాయాన్ని కూడా బాగుందన్నారు.”

“ఉప్పు తక్కువుంటేనే మంచిదంది గదా ఆ అమ్మాయి.”

“తక్కువెయ్యమంది. చప్పిడి చెయ్యమన్లా. రేపటినించి ఉప్పు నేను చూస్తా.”

రోజారమణి సరేనని తలూపింది. పళ్ళెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. మొక్కు తీరిన మనిషి ఆకలి అది. ముల్లు తీసే ఓపిక కూడా లేదు. కవళ్ళు కదా, ముల్లుతోనే నమిలేసింది. చట్టిలోంచి ఇంకో చేప వేసుకుంది. దాని వెనకే పొట్టలో గుడ్ల జన ఉన్న లావు చేప ఒకటి ఏరి వేసుకుంది.

చెంచమ్మ చూపు ఆ లావు చేప మీదే నిలిచింది. ఆ కళ్ళు నాకు కొత్త కాదు. అందులో అదే మంట ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. ఆమె తన పళ్ళెం ముందుకు నెట్టింది.

“నాకూ ఎయ్యిమే. అట్టాంటిదే.”