మామను చూడడానికి టికెట్ కొన్న రోజు

మా చిన్నప్పుడు... క్రిస్మస్ సెలవుల్లో ఒక పొద్దున, మంచు ఇంకా విడవకముందే నాయన రెండు బెల్లం ముద్దలను వేరువేరు గుడ్డల్లో మూట కడుతున్నాడు. మాది ఐరాల పక్కన పల్లె. చలికాలమంతా చెరకు గానుగ పని, నాయనకు ఒక్క పూట తీరదు. అలాంటిది ఆ రోజు పని ఆపి, తిరుపతిలో మా మేనత్తను చూసి, అట్లే నాకు మ్యూజియం చూపించుకొని వద్దామన్నాడు.

పోయేది ఒక ఇంటికే కదా, రెండు మూటలెందుకని అమ్మ అడిగింది. ఉండనీలే అన్నాడు నాయన. అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. తమ్ముణ్ణి అవ్వ దగ్గర వదిలి ముగ్గురం బస్సెక్కాం.

అమ్మకు ఒకే అన్న. తిరుపతిలో ఉండేవాడు, మ్యూజియంలో కాపలా ఉద్యోగం. ఆయనతో మాటల్లేక అప్పటికి ఆరేళ్ళు. అమ్మమ్మ మామ ఇంట్లోనే చనిపోయింది. అప్పటికి మా పల్లెలో ఫోను లేదు. కబురు తెస్తున్న మనిషి ఎక్కిన బస్సు దావలో చెడిపోయింది. అమ్మ పోయేసరికి చితి కాలిపోయింది... తల్లి ముఖం చూడలేకపోయింది. తను వచ్చేదాకా ఆపలేదన్న దుఃఖంలో, మామ వాకిట్లోనే నిలబడి, ఇంక నీ గడప తొక్కను, నీ ఇంట పచ్చినీళ్ళు ముట్టను అని పదిమందిలో అనేసి వచ్చింది.

నా తోటి పిల్లలందరూ సెలవులకు మామల ఇళ్ళకు పోయేవాళ్ళు. నాకు బుద్ధి తెలిసినాక మామను అమ్మానాయనల పెళ్ళి ఫోటోలోనే చూశాను.

అమ్మ మాట పోకుండా వాళ్ళిద్దరినీ కలపడం ఎట్లా అని నాయన ఎన్నాళ్ళు ఆలోచించాడో తెలియదు. ఆయనకు తట్టిందల్లా ఒకటే... మ్యూజియం గడప మామది కాదు.

మేనత్త ఇంట్లో ఇడ్లీలు పెట్టింది. మాటల్లో, "మీ అన్న శానా సిక్కిపోయినాడు వొదినా" అంది. అమ్మ చేతిలోని ముక్క ప్లేటులో పెట్టేసి, చట్నీలో కారం ఎక్కువైందని చెయ్యి కడుక్కుంది.

మ్యూజియంలో నేనూ అమ్మా రాతి బొమ్మలు చూస్తుంటే నాయన గేటు దగ్గరికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ముఖం వాడిపోయింది. చంద్రగిరిలో ఇంకో మ్యూజియం ఉందట, అది ఇంకా బాగుంటుందట, పోదామన్నాడు. మామను అక్కడికి మార్చారని నాకు తరువాత తెలిసింది.

"ఒక దినానికి ఎన్ని రాళ్ళు సూడల్ల?" అంది అమ్మ. అంటూనే అందరికంటే ముందు బస్సెక్కింది.

రెండోచోట మెట్లెక్కి పోతే పొడుగాటి గది. చివర్న స్టూలు మీద ఖాకీ చొక్కాలో ఒకాయన. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నాయన నా చెయ్యి పట్టుకొని కత్తులున్న అద్దాల పెట్టె దగ్గరికి తీసుకుపోయాడు. అమ్మ ఒక్కతే బొమ్మ బొమ్మ దగ్గరా ఆగుతూ నడిచింది. ఒక అమ్మవారి విగ్రహం దగ్గర నిలబడి పాదాల వైపు చెయ్యి చాచింది.

"ముట్టగూడదమ్మా," అన్నాడు మామ. వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పే గొంతుతోనే.

"ముట్టలేదు. సూస్తా ఉండా."

ఆరేళ్ళ తరువాత వాళ్ళ మొదటి మాటలు అవి.

మామ అక్కడినుంచి కదల్లేదు. గొంతు తగ్గించి, "పొద్దు గుంకేదాకా అమ్మను ఆపినా సెల్లా. అందురూ తిట్టినారు... నువ్వు రాకుండా ఎట్ట ఎత్తేదని ఆపినా," అన్నాడు.

అమ్మ విగ్రహాన్నే చూస్తూ ఉంది. "ఆ మాట అబుడే సెప్పుండచ్చు గదా?"

"సెప్పనిచ్చినావా నువ్వు?"

అమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. ఇంతలో స్కూలు పిల్లల గుంపు ఒకటి వచ్చింది. మామ వాళ్ళను వరసలో నడవమని చెప్పడానికి పోయాడు. పోతూ పోతూ ఒంటిగంటకు కిందికి వస్తాను, ఉండమన్నాడు.

కింద వేపచెట్టు నీడలో మామ క్యారియరు విప్పాడు. అన్నం, పితికిపప్పు కూర. అనపగింజలు నానబెట్టి, పైతోలు పితికేసి చలికాలంలో మా వైపు చేసే కూర అది. నాకు పెట్టాడు, నాయనకు పెట్టాడు. అమ్మ వైపు చూసి చెయ్యి ఆపాడు. ఆయన ఇంటి కూడు అది. నాయన నేలచూపులు చూస్తున్నాడు.

"నీళ్ళు ముట్టనన్నా గానీ, కూడు తిననని అన్లేదు గదా," అంది అమ్మ, చెయ్యి చాచి.

మామ నవ్వాడు... ముద్ద కలిపి అమ్మ చేతిలో పెట్టాడు. తినడమైనాక నీళ్ళ సీసా ఇవ్వబోతే మాత్రం అమ్మ తీసుకోలేదు. ఆవరణ దాటి కొళాయి దగ్గరికి పోయి తాగి వచ్చింది. అవి సర్కారు నీళ్ళంట. రెండో బెల్లం మూట నాయన మామ చేతికిచ్చాడు.

తిరుగు బస్సులో అమ్మ, నాయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. వాళ్ళు అట్లా కూర్చోవడం అంతకుముందు నేను చూడలేదు. నాయన మా ఊరు వచ్చేదాకా భుజం కదపలేదు.

తరువాత రెండేళ్ళు క్రిస్మస్ సెలవులకు మామను టికెట్లు కొనే చూశాం. మూడో ఏడు మామ కూతురి పెళ్ళి... అమ్మ నేరుగా ఆ ఇంట్లోకి నడిచిపోయి, వంటింట్లో కూరగాయల ముందు కూర్చుంది. అక్కడున్న వాళ్ళెవరూ పాత మాట ఎత్తలేదు.

ఇప్పుడు తమ్ముడు తిరుపతిలోనే ఉన్నాడు. నేను చిత్తూరులో. రోజూ ఫోన్లో ఒకరికొకరం పూల బొమ్మలు పంపుకుంటాం. వాడి ఇంటికి పోయి మూడేళ్ళయింది... ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే, చెప్పుకోవడానికి మా మధ్య ఒక్క పోట్లాటైనా లేదు.

మీ ఇళ్ళలో అలిగినవాళ్ళు మళ్ళీ ఎట్లా కలిశారు? కలిపిందెవరు? రాయండి, చదువుతాను...