నెస్టర్ మూసిన గాలిగొట్టం

ఆ ఊళ్లో ఏది పాడైనా నెస్టర్ ప్రిస్తుపాకే కబురు వెళ్లేది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. దారిలో ఎవరి ట్రాక్టరయినా మొరాయించి కనబడితే బస్సు ఆపి, పిల్లల్ని పాటలు పాడుకుంటూ ఉండమని, దాన్ని కదిలించాకే తాను కదిలేవాడు. ఇచ్చింది పుచ్చుకోడు. మరీ బలవంతపెడితే ఓ సీసాడు దుంపల ఊరగాయ చాలనేవాడు. ఆదివారం చర్చిలో మొదట గొంతెత్తేదీ ఆయనే. ఆ చేతులూ ఆ గొంతూ దేవుడు పదిమంది కోసం ఇచ్చినవని నమ్మాడు.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్లిన మర్నాడు నేలమాళిగలోకి దిగితే బంగాళాదుంపల మూట మీద నూగులా మంచు పట్టి ఉంది. ఫర్నేస్ పక్కన, బయటి గోడలోంచి దిగిన రేకుగొట్టంలోంచి చలి బుసకొడుతూ వస్తోంది. ఒకపక్క గ్యాసు మండించి ఇల్లు కాచుకుంటూ, పక్కనే చలికి దారి వదలడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. పెట్టినవాడికి బుర్ర లేదనుకున్నాడు. కెనడాలో, సస్కాచువాన్ మైదానాల్లో పుట్టినవాడికి చలి దూరే కంత కనబడితే చెయ్యి ఊరుకోదు. తాత మట్టిగోడల సందుల్లో పేడా గడ్డీ కూరేవాడు. మనవడు తన పాత గొర్రెతోలు కోటు ఆ గొట్టంలో కుక్కి, పైన టేపు చుట్టాడు. కిటికీలకి ప్లాస్టిక్ కాగితం ముందే బిగించి ఉంది. ఆ సాయంత్రం భార్య స్టెఫ్కా మేజోళ్లు లేకుండా తిరిగింది. ఆయన మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా గోడమీది అలారం కూయడం మొదలెట్టింది. బ్యాటరీ మార్చినా కూసింది. పాతదైపోయింది కాబోలని ఊడదీసి షెడ్డులో పెట్టాడు.

ఆ తరవాతే స్టెఫ్కా మారిపోయింది. ఎప్పుడో పోయిన అక్కకి బల్లమీద పళ్లెం పెట్టింది. ఉతికిన బట్టలు చేతిలో పట్టుకుని, ఇవి ఎవరివని అడిగింది. ఒక ఉదయం ఇద్దరూ ప్రార్థనకి నిలబడ్డారు. మూడేళ్ల వయసునుంచీ రోజూ చెప్పుకుంటున్న ప్రార్థన. సగంలో ఆగి ఆయన వంక చూసింది.

"తరవాత ఏమిటి?"

చెబుదామని నోరు తెరిచాడు. ఆయనకీ రాలేదు. దుఃఖంలో మాట తప్పిందనుకున్నాడు.

రోజూ తలనొప్పి. మెట్లు దిగుతూ సగంలో కూచుని, ఎందుకు దిగుతున్నానా అని ఆలోచించేవాడు. నిద్ర చాలక, బెంగతో అనుకునేవాడు. చివరికి ఆమెకి తెలియకుండా పట్నంలో మతిమరుపు ముసలివాళ్లని చూసే ఆశ్రమానికి ఫోన్ చేశాడు. సోమవారం తీసుకురమ్మన్నారు. వాళ్లు చేర్చుకుంటే ఆమె అక్కడ, తను ఇక్కడ. నలభయ్యారేళ్ల కాపురం.

గురువారం చర్చి హాల్లో ఆడవాళ్లంతా చేరి, పిండిలో బంగాళాదుంప కూరి మడిచే పిరోహీలు చేస్తారు. స్టెఫ్కాని దింపి, వదిలి వెళ్లడానికి భయమేసి గోడవార కూచున్నాడు. గంట గడిచేసరికి ఆమె చేతులు పిండి అంచుల్ని ఎప్పటిలా టకటకా నొక్కుతున్నాయి. ఎవరి కోడలికి ఏ నెలో కూడా చెబుతోంది. ఆయన బుర్ర తిరిగిపోయింది. ఇంట్లో ఉన్నది ఎవరు, ఇక్కడున్నది ఎవరు?

పక్కింటి డార్కాని పక్కకి పిలిచి సోమవారం సంగతి చెప్పాడు. ఆమె చేతులకున్న పిండి దులుపుకుంది.

"పిన్నికి మతి పోయిందా? ఇందాకే నా పిండి చెప్పుతోలులా ఉందని నలుగురిలో కడిగేసింది బాబాయ్. మతిపోయినవాళ్లు అంత సూటిగా తిట్టరు."

అన్నదే గాని ఊరుకోలేదు. వాళ్ల వెనకే ఇంటికి సూపు గిన్నె పట్టుకుని వచ్చింది, వెచ్చబెట్టింది, కూచుంది. అరగంటకి తనే నుదురు పట్టుకుంది. కిటికీల మీంచి నీళ్లు కారుతున్నాయి. స్టెఫ్కా గరిటె వంక కొత్తవస్తువులా చూస్తోంది. తలనొప్పి ఇంట్లోనేనా, బయటా వస్తుందా అని డార్కా అడిగింది. ఆ ప్రశ్న నెస్టర్ తలలో నిలవలేదు. ఫర్నేస్ ఏమైనా ముట్టుకున్నావా అని అడిగితే మాత్రం ముఖం వెలిగింది. కోటు సంగతి చెప్పాడు.

డార్కా లేచి వీధితలుపు బార్లా తెరిచింది. మైనస్ ముప్ఫై లోపలికి వచ్చిపడింది.

"తలుపు వెయ్యమ్మా, వేడంతా పోతోంది."

"పోనీ. బయటికి నడు బాబాయ్."

ఆమె స్టెఫ్కాకి కోటు తొడిగి బయటికి నడిపించింది. నెస్టర్ మాత్రం, ఈ పిల్ల నా పనిని తప్పుపడుతోంది, చూసొస్తానని నేలమాళిగ మెట్లు దిగసాగాడు. నాలుగో మెట్టుమీద ఎందుకు దిగుతున్నాడో మరిచిపోయాడు. వాకిట్లోంచి స్టెఫ్కా గొంతు వినబడింది. "ముసలోడా, ఆ గోతిలో ఏం పారేసుకున్నావు? పైకి రా." ఎందుకో తెలియలేదు. తిట్టింది కదా అని వచ్చేశాడు.

డార్కా ఫోన్ చేస్తే ఊరి అగ్నిమాపక జట్టు వచ్చింది. గడపలోనే వాళ్ల చేతిలోని గాలి కొలిచే మీటరు అరిచింది. మంటకి ఊపిరి కావాలి, ఆ గొట్టం దాని ఊపిరి అని వాళ్లలో ఒకతను నెమ్మదిగా చెప్పాడు. అది మూసుకుపోతే విషవాయువు పొగగొట్టంలోంచి పైకి పోకుండా ఇంట్లోకే దిగుతుంది. వాసన ఉండదు, గోడమీద అలారం పెట్టేది అందుకే; ముందు బుర్రని పడుతుంది. ఇంకో రాత్రి పడుకుని ఉంటే లేచేవారు కాదన్నాడు. నెస్టర్ అన్నిటికీ తలూపాడు. ఒక్క ముక్కా ఎక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఎక్కింది. పక్కపక్క మంచాలు, ఇద్దరికీ ఆక్సిజన్ మాస్కులు. మాస్కు తీసి, సోమవారం ఎక్కడికి తీసుకెళదామనుకున్నాడో చెప్పాడు.

స్టెఫ్కా తన మాస్కూ తీసింది.

"నాకు పిచ్చెక్కిందనుకున్నావు."

"ఆఁ."

"నేను నీకెక్కిందనుకున్నాను. ఫాదర్‌తో చెప్పాను కూడా."

"ఏమని?"

"ఈయన్ని ఎక్కడికీ పంపను, నా దగ్గరే పెట్టుకుంటాను, నాకు కాస్త ఓపిక ఇమ్మని దేవుణ్ణి అడగండి అని."

అప్పుడే నర్సు వచ్చి, ఇక మాస్కు అక్కర్లేదు తాతా అంది. నెస్టర్ ఇంకాసేపు ఉంచమ్మా అని, స్టెఫ్కా వంక చూడలేక దాన్ని ముఖానికి గట్టిగా అదుముకున్నాడు.